క్రీస్తు ఆరోహణం: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రిస్మస్ అనగానే నక్షత్రం, గుడ్ ఫ్రైడే అనగానే సిలువ, ఈస్టర్ అనగానే ఖాళీ సమాధి గుర్తొస్తాయి. ఆరోహణ దినం అంటే మాత్రం ఒక మేఘం, తలలెత్తి చూస్తున్న పదకొండు మంది, అంతే. పైగా అది గురువారం వస్తుంది. అందుకే చాలామంది విశ్వాసులకు ఈస్టర్ అయ్యాక నేరుగా పెంతెకొస్తే, అంటే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ వచ్చిన పండుగే. బైబిలు తరగతుల్లో నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. వచనాలు చాలావరకు నా మాటల్లోనే చెప్పాను.

ఆరోహణం అంటే ఏమిటి?

ఆరోహణం అంటే ఎక్కడం. సిలువ మీద చనిపోయి మూడో రోజున లేచిన యేసు, నలభై రోజులకు శిష్యుల కళ్లముందే పరలోకానికి వెళ్లాడని, దేవుని కుడిపార్శ్వాన కూర్చున్నాడని, అక్కడినుంచే తిరిగి వస్తాడని క్రైస్తవుల నమ్మకం. ఇది ఏదో ఒక శాఖకు పరిమితమైన నమ్మకం కాదు. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ఉంది. 325లో నైసియా సభ రాసి, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ విస్తరించిన ప్రమాణంలోనూ ఉంది. కాథలిక్కులు, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్లు తేడా లేకుండా ఒప్పుకునే కొద్ది విషయాల్లో ఇదొకటి.

నన్నడిగితే దీన్ని వీడ్కోలుగా కాదు, పట్టాభిషేకంగా చదవాలి. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఈ మాటే.

ఆ రోజు అసలేం జరిగింది?

వివరంగా రాసింది లూకా ఒక్కడే. తన సువార్త చివర్లో ఒకసారి, అపొస్తలుల కార్యములు మొదట్లో ఇంకోసారి రాశాడు. రెండూ కలిపి చదివితే దృశ్యం కళ్లకు కడుతుంది. యేసు శిష్యుల్ని ఊరు దాటించి కొండ మీదికి తీసుకెళ్లాడు. వాళ్లు అప్పటికీ పాత ప్రశ్నే అడిగారు: ప్రభువా, ఇశ్రాయేలుకు రాజ్యం మళ్లీ ఇప్పిస్తావా, ఇప్పుడేనా? మూడున్నరేళ్లు కూడా తిరిగినవాళ్లే, చివరి నిమిషంలో కూడా ఇదే అడుగుతున్నారు చూడండి. ఆయన విసుక్కోలేదు. కాలాలూ సమయాలూ తండ్రి చేతిలో ఉన్నాయి, మీరు మాత్రం పరిశుద్ధాత్మ శక్తి పొంది యెరూషలేములో, యూదయలో, సమరయలో, భూదిగంతాల వరకు నాకు సాక్షులుగా ఉంటారు అన్నాడు.

తర్వాత చేతులెత్తి వాళ్లను ఆశీర్వదించాడు. ఆ ఆశీర్వాదం ఇంకా పూర్తి కాకముందే వాళ్లనుంచి వేరయ్యాడని లూకా రాశాడు. అంటే వాళ్లు ఆఖరుసారి చూసినప్పుడు ఆయన చేతులు పైకెత్తే ఉన్నాయి, వాటి మీద మేకుల గాయాలున్నాయి. తర్వాత మేఘం కమ్మింది. తెల్లబట్టల్లో ఉన్న ఇద్దరు పక్కన నిలబడి "గలిలయ మనుష్యులారా, మీరెందుకు నిలిచి ఆకాశమువైపు చూచుచున్నారు?" అన్నారు. ఈ యేసే, మీరు చూసిన విధంగానే తిరిగి వస్తాడని చెప్పారు.

లూకా సువార్త మొదటి అధ్యాయాన్ని ఇక్కడ గుర్తు చేసుకోండి. జెకర్యా అనే యాజకుడు దేవాలయం లోపలినుంచి బయటికి వస్తాడు. జనం ఎదురు చూస్తుంటారు. ఆయన నోరు పడిపోయి ఉంటుంది, వాళ్లను ఆశీర్వదించలేక సైగలు చేస్తాడు. అలా ఆగిపోయిన ఆశీర్వాదం చివరి అధ్యాయంలో యేసు చేతుల్లో పూర్తయింది. లూకా కావాలనే అలా అల్లాడేమో అని నాకు అనిపిస్తుంది.

బేతనియ దగ్గరా, ఒలీవల కొండ మీదా? లూకా రెండు చోట్లా రెండు రకాలుగా రాశాడే?

రెండూ ఒకటే ప్రాంతం. ఒలీవల కొండ యెరూషలేముకు తూర్పున ఉంది. బేతనియ ఆ కొండకు అవతలి వాలులో, నగరానికి మూడు కిలోమీటర్ల లోపు ఉన్న ఊరు. కార్యముల్లో కొండ యెరూషలేముకు "విశ్రాంతి దినాన నడవదగినంత" దూరంలో ఉందని ఉంటుంది. అంటే రెండు వేల మూరలు, ఇంచుమించు ఒక కిలోమీటరు. కొండను దాటి బేతనియ వైపు వెళ్లారు, కొండ మీదుగా తిరిగొచ్చారు. ఇందులో పేచీ ఏమీ లేదు.

లూకా సువార్త చదివితే అంతా ఈస్టర్ రోజునే అయిపోయినట్టుంది. మరి నలభై రోజులు ఎక్కడివి?

ఇది మంచి ప్రశ్న, పై ప్రశ్నకన్నా గట్టిది. లూకా 24వ అధ్యాయం ఆదివారం పొద్దున మొదలవుతుంది. ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరు శిష్యులకు కనబడడం, సాయంత్రం భోజనం, రాత్రి శిష్యుల మధ్య ప్రత్యక్షం, ఆ వెంటనే బేతనియ. మధ్యలో రోజులు గడిచినట్టు ఎక్కడా చెప్పడు. అదే లూకా తన రెండో పుస్తకంలో నలభై రోజులని స్పష్టంగా రాశాడు. ఒకే మనిషి రెండు పుస్తకాలు రాసేటప్పుడు తన మాటను తానే కొట్టేసుకోడు. మొదటి పుస్తకం ముగించేటప్పుడు కుదించి చెప్పాడు, రెండోదాన్ని మొదలుపెట్టేటప్పుడు విడమర్చాడు. పుస్తకాలు రాసేవాళ్లు ఇప్పటికీ చేసే పనే ఇది.

మత్తయి, యోహాను ఎందుకు రాయలేదు?

మత్తయి సువార్త గలిలయలో ఒక కొండ మీద, "సదాకాలము మీతో కూడ ఉన్నాను" అనే మాటతో ఆగిపోతుంది. యోహాను ఆ సంఘటనను వర్ణించడు గానీ దాని గురించి మాట్లాడతాడు. ఖాళీ సమాధి దగ్గర మగ్దలేనే మరియతో యేసు, నేనింకా తండ్రి దగ్గరికి ఎక్కిపోలేదు, నా సహోదరులతో వెళ్లి చెప్పు అంటాడు. ఆ కబురులో "నా తండ్రి, మీ తండ్రి" అని ఉంటుంది. అక్కడ నేనెప్పుడూ ఆగిపోతాను.

మార్కు 16:19లో ఒక్క వాక్యం ఉంది. అయితే మార్కు చివరి పన్నెండు వచనాలు సినాయి, వాటికన్ చేతిరాత ప్రతుల్లో లేవు. ఈ రెండూ 4వ శతాబ్దానివి. అందుకే కొత్త అనువాదాల్లో ఆ భాగాన్ని గీతల మధ్య పెడతారు. దానివల్ల నమ్మకానికి వచ్చే నష్టమేమీ లేదు. పౌలు, పేతురు, హెబ్రీ పత్రిక రచయిత అందరూ ఆరోహణం జరిగిపోయిన సంగతిగానే మాట్లాడతారు.

నలభై రోజులే ఎందుకు?

నోవహు జలప్రళయంలో వాన నలభై రోజులు. సీనాయి మీద మోషే నలభై రోజులు. హోరేబుకు ఏలీయా నడక నలభై రోజులు. అరణ్యంలో యేసు ఉపవాసం నలభై రోజులు. బైబిలులో ఏదైనా కొత్తగా మొదలయ్యే ముందు ఈ సంఖ్య కనిపిస్తూ ఉంటుంది. ఆ రోజుల్లో ఆయన దేవుని రాజ్యం గురించి బోధించాడని, తాను బతికే ఉన్నానని ఎన్నో రుజువులు చూపించాడని కార్యముల పుస్తకం అంటుంది. అంతకన్నా లోతుగా లెక్కలు కట్టేవాళ్లున్నారు. నాకు ఆ సరదా లేదు.

పరలోకం పైన ఉందా? రాకెట్టులా ఆకాశంలోకి వెళ్లిపోయాడంటే ఈ కాలంలో ఎలా నమ్మాలి?

ఆదివారపు బడి పిల్లలు మొదట అడిగేదీ ఇదే, యూనివర్సిటీ చదువులు చదివినవాళ్లు చివర్లో మొహమాటపడుతూ అడిగేదీ ఇదే. పిల్లలైతే సూటిగా అడుగుతారు: విమానంలో వెళ్తే కనబడతాడా?

ముందు మాటల సంగతి చూద్దాం. గ్రీకులో "ఊరానోస్" అనే ఒక్క పదానికి ఆకాశం, పరలోకం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. హెబ్రీలోనూ అంతే. కార్యములు మొదటి అధ్యాయం 10, 11 వచనాల్లో ఆ గ్రీకు పదం నాలుగుసార్లు వస్తుంది. తెలుగు బైబిలు అనువాదకులు శిష్యులు చూస్తున్న చోట రెండుసార్లు "ఆకాశము" అని, యేసు వెళ్లిన చోట రెండుసార్లు "పరలోకము" అని పెట్టారు. చాలా తెలివైన పని. వాళ్లు చూస్తున్నది ఆకాశాన్ని, ఆయన వెళ్లింది పరలోకానికి. తెలుగు చదివేవాడికి ఈ తేడా ఉచితంగా దొరికింది. గ్రీకు చదివేవాడు మాత్రం దాన్ని తానే ఊహించుకోవాలి.

ఇక "పైకి" అనే మాట. మనం రోజూ వాడే తెలుగులోనే చూడండి. ఫలానావాడు కష్టపడి పైకొచ్చాడు అంటే మేడెక్కాడని కాదు. పై అధికారి అంటే పై అంతస్తులో కూర్చునేవాడని కాదు, ఆయన గది కింద అంతస్తులోనే ఉండొచ్చు. పైన అంటే ఎత్తు అని మాత్రమే కాదు, అధికారం, గౌరవం కూడా. ఎఫెసీ పత్రికలో పౌలు, ఆయన సమస్తాన్నీ నింపడానికి ఆకాశాలన్నిటికన్నా పైకి ఎక్కాడని అంటాడు. ఆకాశంలో ఒక మూలకు వెళ్లినవాడి గురించి ఎవరూ అలా రాయరు. మనకు దూరంగా ఉన్న ఇంకో ఊరికి వెళ్లాడని కాదు, దేవుని సన్నిధిలోకి వెళ్లాడని అర్థం. ఆ సన్నిధి మన కొలతలకు అందదు.

అలాగని అంతా ప్రతీకే, ఏమీ జరగలేదు అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. లూకా 9 నుంచి 11 దాకా మూడు వచనాల్లో చూడడం గురించే ఐదుసార్లు చెప్తాడు. వాళ్లు చూస్తుండగా, వాళ్ల కళ్లకు కనబడకుండా, తేరి చూస్తుండగా, ఎందుకు చూస్తున్నారు, ఎలా వెళ్లడం చూశారో. సాక్షి వాంగ్మూలం రాసేవాడి పద్ధతి అది. ఆయన పైకెత్తబడడం వాళ్లకు కనిపించింది. ఎందుకలా? ఊరికే మాయమైపోయి ఉంటే, ఎమ్మాయులో మాయమైనట్టు మళ్లీ రేపు కనబడతాడేమో అని వాళ్లు ఎదురు చూస్తూ కూర్చునేవాళ్లు. ఈసారి సంగతి వేరని వాళ్లకు కళ్లతో తెలియాలి.

అంతరిక్షంలోకి వెళ్లాను, దేవుడు కనబడలేదు అని 1961లో యూరీ గగారిన్ అన్నాడని చెప్తుంటారు. ఆయన ప్రయాణంలో మాట్లాడిన మాటల రికార్డుల్లో ఆ మాట లేదు. ఒకవేళ అన్నా, క్రైస్తవ విశ్వాసం దేవుణ్ణి ఆ కక్ష్యలో ఎప్పుడూ పెట్టలేదు.

మేఘం ఎందుకు?

అది వానమబ్బు కాదు. అరణ్యంలో ఇశ్రాయేలీయుల ముందు నడిచిన మేఘం, సీనాయిని కప్పిన మేఘం, సొలొమోను దేవాలయాన్ని యాజకులు నిలబడలేనంతగా నింపిన మేఘం, రూపాంతరం కొండ మీద పేతురు మాట మధ్యలోనే కమ్మిన మేఘం. యూదుడికి ఈ వరసంతా కంఠతా వచ్చు. ఇవన్నీ కాక దానియేలు ఏడో అధ్యాయం ఉంది. మనుష్యకుమారుని పోలిన ఒకడు ఆకాశ మేఘాలతో వచ్చి, మహావృద్ధుని, అంటే దేవుని, సన్నిధికి చేరతాడు. అక్కడ ఆయనకు ప్రభుత్వం, మహిమ, రాజ్యం ఇస్తారు. గమనించండి, అక్కడ మేఘాల మీద రావడం భూమి వైపు కాదు, సింహాసనం వైపు. శిష్యులు కింద నిలబడి చూసింది బయలుదేరడం. దానియేలు చూసింది చేరుకోవడం.

హనోకు, ఏలీయా కూడా వెళ్లారు కదా. తేడా ఏమిటి?

వాళ్లను తీసుకెళ్లారు, ఈయన వెళ్లాడు. వాళ్లు చావు చూడకుండా వెళ్లారు, ఈయన చచ్చి లేచి వెళ్లాడు. ఏలీయా అగ్నిరథం కథలో మాత్రం ఒక విషయం చూడదగ్గది. నేను నీ దగ్గరనుంచి వెళ్లడం నువ్వు చూస్తే నా ఆత్మలో నీకు రెండు పాళ్లు దొరుకుతాయి అని గురువు షరతు పెడతాడు. శిష్యుడు ఎలీషా చూశాడు, గురువు దుప్పటి కిందపడింది, దాన్ని తీసుకుని యొర్దానును కొట్టాడు. ఒలీవల కొండ మీద అదే జరిగింది: చూశారు, పది రోజులకు ఆత్మను పొందారు.

దేవుని కుడిపార్శ్వాన కూర్చోవడం అంటే ఏమిటి? దేవుడికి కుడి ఎడమలుంటాయా?

ఉండవు. రాజు కుడివైపు కూర్చోవడమంటే రాజుతో సమానంగా అధికారం పంచుకోవడం. 110వ కీర్తన మొదటి వచనంలో "నా కుడి పార్శ్వమున కూర్చుండుము" అని ఉంది. కొత్త నిబంధన రచయితలు పాత నిబంధనలో మరే వచనాన్నీ ఇంతగా వాడుకోలేదు. యేసే స్వయంగా ప్రధాన యాజకుడి ముందు విచారణలో ఈ మాట ఎత్తాడు. అక్కడికక్కడే బట్టలు చించుకుని దేవదూషణ అన్నారు. మాట ఎంత పెద్దదో వాళ్లకు బాగానే అర్థమైంది.

కూర్చోవడంలో ఇంకొకటి ఉంది. మోషే చేయించిన ప్రత్యక్ష గుడారంలో ఏమేం వస్తువులున్నాయో నిర్గమకాండంలో కొలతలతో సహా ఉంటుంది: బల్ల, దీపస్తంభం, ధూపవేదిక, మందసం. కుర్చీ లేదు. యాజకుడికి కూర్చునే పనే లేదు, ఎందుకంటే పని అయిపోదు. ఈ రోజు బలి, రేపు మళ్లీ బలి. హెబ్రీ పత్రిక పదో అధ్యాయం ఇదే పట్టుకుంది. ప్రతి యాజకుడూ రోజూ నిలబడి అవే బలులు మళ్లీ మళ్లీ అర్పిస్తాడు. ఈయన మాత్రం ఒక్క బలి అర్పించి కూర్చున్నాడు. పొలం పని ముగించుకుని కాళ్లు కడుక్కుని కూర్చున్నవాణ్ణి చూస్తే పని అయిందని వేరే చెప్పక్కర్లేదు కదా.

మరి మొదటి హతసాక్షి స్తెఫను చనిపోతూ ఆయన నిలబడి ఉండడం చూశాడు కదా?

అవును, కార్యములు 7:56. రాళ్లు పడబోతుండగా ఆకాశం తెరుచుకుని, మనుష్యకుమారుడు దేవుని కుడిపార్శ్వాన నిలిచి ఉన్నాడని స్తెఫను అన్నాడు. తన సాక్షిని ఎదుర్కోలు పలకడానికి లేచాడని కొందరు, అతని తరఫున న్యాయస్థానంలో మాట్లాడడానికి నిలబడ్డాడని కొందరు వివరిస్తారు. కింద మహాసభ స్తెఫనుకు శిక్ష వేస్తోంది కాబట్టి నాకు రెండోదే నచ్చుతుంది.

అక్కడ ఇప్పుడు ఆయన ఏం చేస్తున్నాడు?

విజ్ఞాపన చేస్తున్నాడని రోమా 8:34, హెబ్రీ 7:25 చెప్తాయి. దీన్ని ఒప్పుకోని తండ్రిని బతిమాలడంలా ఊహించుకోవద్దు. పాత నిబంధన ప్రధాన యాజకుడి బట్టలు గుర్తు తెచ్చుకోండి. రెండు భుజాల మీద రెండు రాళ్లు, ఒక్కోదాని మీద ఆరేసి గోత్రాల పేర్లు. రొమ్ము మీద పతకంలో పన్నెండు రాళ్లు, ఒక్కో రాయి మీద ఒక్కో పేరు చెక్కి ఉంటుంది. ఆయన లోపలికి వెళ్తే జనం పేర్లు కూడా లోపలికి వెళ్తాయి. ఆయన లోపల ఉండడమే వాళ్ల తరఫు మనవి.

యోహాను మొదటి పత్రికలో యేసును "ఉత్తరవాది" అన్నారు, అంటే మన తరఫున మాట్లాడేవాడు. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మకు వాడిన "ఆదరణకర్త" కూడా గ్రీకులో అదే పదం. పైన ఒకరు, లోపల ఒకరు.

ఆయనకు ఇప్పుడూ శరీరం ఉందా?

ఉంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

చాలామంది మనసులో ఉన్న కథ ఇలా ఉంటుంది: దేవుని కుమారుడు ముప్పై మూడేళ్లు మనిషి వేషం వేసుకుని, పని అయ్యాక ఆ వేషం తీసేసి తిరిగి వెళ్లిపోయాడు. సంఘం నేర్పింది ఇది కాదు. లేచాక ఆయన కాల్చిన చేప తిన్నాడు, తోమాకు గాయాలు చూపించాడు. ఆ శరీరంతోనే వెళ్లాడు, ఆ శరీరంతోనే ఉన్నాడు. ప్రకటన గ్రంథంలో సింహాసనం దగ్గర యోహానుకు కనిపించిన గొర్రెపిల్ల వధించబడినట్టే ఉంది. మహిమలోకి వెళ్లాక కూడా గాయాలు చెరిగిపోలేదు. బేత్లెహేములో దేవుడు మన దగ్గరికి రావడం సగం కథ. మన ఒంటిలాంటి ఒళ్లు, ఆకలి దప్పులు ఎరిగిన ఒళ్లు దేవుని సన్నిధికి చేరడం మిగతా సగం. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి ఆరోహణం వల్ల మనకు కలిగే మేళ్లు మూడు చెప్తూ, మన దేహం అప్పుడే పరలోకంలో ఉండడాన్ని ఒక హామీగా లెక్కపెట్టింది. తల వెళ్లిన చోటికి ఒళ్లు వెళ్లక తప్పదు.

దీని మీద గొడవలు కూడా జరిగాయి. 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో ప్రొటెస్టెంట్ నాయకులు లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. క్రీస్తు శరీరం పరలోకంలో ఉంటే ప్రభువు బల్ల (యేసు కడరా భోజనాన్ని గుర్తు చేసుకునే ఆరాధన) రొట్టెలో ఎలా ఉంటుందని జ్వింగ్లీ వాదన. లూథర్ బల్ల మీద సుద్దముక్కతో లాటిన్‌లో "ఇది నా శరీరం" అని రాసిపెట్టుకుని అక్కడినుంచి కదల్లేదు. దేవుని కుడిచెయ్యి ఒక చోటు కాదు, అది అంతటా ఉంది అన్నది లూథర్ పక్షం. మిగతా అన్ని అంశాల మీదా దాదాపు కలిశారు గానీ దీని మీద విడిపోయారు. ఆరోహణం ఏదో మూలనపడ్డ అంశం అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్తుంటాను.

వెళ్లిపోయాడంటే శిష్యులు ఏడవాలి కదా. సంతోషంతో తిరిగొచ్చారని ఎందుకు ఉంది?

"మహా ఆనందముతో" అని లూకా అంటాడు. గురువును శాశ్వతంగా పోగొట్టుకున్నవాళ్లు అలా ఉండరు. అంతకుముందు, పస్కా రాత్రి, నేను వెళ్తున్నాను అనగానే వీళ్ల గుండెలు దుఃఖంతో నిండిపోయాయి. నేను వెళ్లడమే మీకు మంచిది, వెళ్లకపోతే ఆదరణకర్త రాడు అని అప్పుడు చెప్తే తలకెక్కలేదు. ఇప్పుడెక్కింది.

తెలుగులో ఇల్లు దాటేటప్పుడు "వెళ్తాను" అనరు, "వెళ్లొస్తాను" అంటారు. తెల్లబట్టలవాళ్లు తెచ్చిన కబురు కూడా అదే. పైగా, గలిలయలో ఉంటే యూదయలో ఉండలేని గురువు ఇక ఎక్కడైనా ఉండగలడు. "మీతో కూడ ఉన్నాను" అన్న మాటకూ ఆరోహణానికీ వైరుధ్యం ఉందని అడుగుతుంటారు. ఆ మాట నిజం కావాలంటే ఆయన వెళ్లే తీరాలి.

ఆరోహణ దినం ఎప్పుడు? గురువారమే ఎందుకు?

ఈస్టర్ ఆదివారాన్ని మొదటి రోజుగా లెక్కపెడితే నలభయ్యో రోజు ఎప్పుడూ గురువారమే పడుతుంది. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5, కాబట్టి ఆరోహణ దినం మే 14, పెంతెకొస్తు మే 24. ఏప్రిల్ 30కి ముందు, జూన్ 3 తర్వాత ఇది రాదు. ఆర్థడాక్స్ సంఘాలు ఈస్టర్‌ను పాత కేలండర్ ప్రకారం లెక్కిస్తాయి కాబట్టి వాళ్లకు 2026లో మే 21. కాథలిక్కుల్లో కొన్ని దేశాలు, కొన్ని మేత్రాసనాలు (ఒక్కో బిషప్ కింద ఉండే ప్రాంతాలు) పండుగను తర్వాతి ఆదివారానికి జరుపుకుంటాయి. జర్మనీ, ఫ్రాన్స్, ఇండోనేషియా లాంటి చోట్ల ఆ గురువారం ప్రభుత్వ సెలవు.

ఈ పండుగ ఎప్పటినుంచి ఉంది?

4వ శతాబ్దం చివరికి విడి పండుగగా స్థిరపడింది. ఆ కాలంలో యోహాను క్రిసోస్తోము దీని మీద చేసిన ప్రసంగం ఇప్పటికీ దొరుకుతుంది. కొద్ది కాలానికి అగస్టీను, దీన్ని లోకమంతటా ఆచరిస్తున్నారని ఒక ఉత్తరంలో రాశాడు. 5వ శతాబ్దపు పోపు లియో ప్రసంగాలు రెండు ఉన్నాయి. కాథలిక్ ఆరాధనలో ఈస్టర్ రాత్రి వెలిగించే పెద్ద కొవ్వొత్తిని ఒకప్పుడు ఆరోహణ దినాన సువార్త చదవగానే ఆర్పేసేవారు. ఇప్పుడు పెంతెకొస్తు దాకా ఉంచుతున్నారు. మార్చింది మంచికే అనిపిస్తుంది, ఆర్పడం చూస్తే ఆయన లేడన్నట్టు ఉంటుంది.

మరియ మాత పరలోకానికి చేరడమూ ఇదీ ఒకటేనా?

కాదు. యేసు తన శక్తితో వెళ్లాడు, మరియను దేవుడు చేర్చుకున్నాడు అని కాథలిక్కులు చెప్తారు. 1950లో పోపు పయస్ XII దాన్ని సిద్ధాంతంగా ప్రకటించాడు. ఆ పండుగ ఆగస్టు 15న. ప్రొటెస్టెంట్లు దాన్ని ఒప్పుకోరు.

ముస్లింలు కూడా ఇది నమ్ముతారా?

అల్లాహ్ ఈసాను తన వైపు ఎత్తుకున్నాడని ఖురాను 4వ సూరా 158వ ఆయత్ చెప్తుంది. అయితే దానికి ముందు ఆయత్‌లో ఆయన్ను సిలువ వేయలేదని ఉంటుంది. క్రైస్తవులకు సిలువ, పునరుత్థానం లేకుండా ఆరోహణం లేదు. పోలిక పైకే, పునాదులు వేరు.

ఒలీవల కొండ మీద ఉన్న పాదముద్ర నిజమైనదేనా?

390 ప్రాంతంలో పొయిమేనియా అనే రోమను సంపన్నురాలు అక్కడ చర్చి కట్టించింది. 7వ శతాబ్దంలో అక్కడికెళ్లిన ఆర్కుల్ఫ్ అనే బిషప్, అది గుండ్రంగా ఉందని, నడిమధ్యన కప్పు లేకుండా ఆకాశం కనబడేలా వదిలేశారని చెప్పాడు. అది నాకు భలే నచ్చింది. ఇప్పుడున్న ఎనిమిది పలకల చిన్న మందిరం 12వ శతాబ్దంలో క్రూసేడర్లు కట్టింది. 1187లో సలాదీన్ యెరూషలేమును గెలిచాక అది ముస్లింల చేతికొచ్చింది, పైన గుమ్మటం తర్వాత వేశారు. లోపల నేల మీద చలువరాతి చట్రంలో ఒక రాయి ఉంటుంది, దాని మీద గుంటను యేసు కుడి పాదం గుర్తుగా చూపిస్తారు. బైబిలులో పాదముద్ర ఊసే లేదు. మధ్యయుగపు చిత్రకారులు మాత్రం ఈ పాదాల్ని వదల్లేదు. మేఘం అంచున వేలాడే రెండు పాదాలు తప్ప ఆయన ఇంకేమీ కనబడని బొమ్మలు బోలెడు గీశారు. చూస్తే నవ్వొస్తుంది. కానీ కింద నిలబడ్డవాళ్లకు ఆఖరి క్షణంలో కనబడేవి అవే కదా.

ఆరోహణానికీ పెంతెకొస్తుకూ మధ్య పది రోజులు శిష్యులేం చేశారు?

కొండ దిగి యెరూషలేముకు వచ్చి మేడగదిలో చేరారు. పదకొండు మంది, యేసు తల్లి మరియ, ఆయన సహోదరులు, స్త్రీలు, అందరూ కలిపి ఇంచుమించు 120 మంది. ఎడతెగక ప్రార్థన చేశారు. యేసును పట్టించిన యూదా స్థానంలో చీట్లు వేసి మత్తీయను తీసుకున్నారు. అంతకుమించి ఏమీ చేయలేదు, ఎందుకంటే ఊరు విడిచి వెళ్లవద్దు, కనిపెట్టుకుని ఉండండి అని ఆయన చెప్పాడు. పెంతెకొస్తుకు ముందు తొమ్మిది రోజుల ప్రార్థనలు పెట్టుకునే అలవాటు ఇందులోనుంచి వచ్చిందే.

పండుగ రోజు పొద్దున గాలి హోరు వినబడి జనం పోగయ్యారు. వీళ్లు తాగి ఉన్నారని ఎగతాళి చేశారు. పేతురు లేచి, పొద్దుపొడిచి జామైనా కాలేదు, తాగడమేమిటి అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. మీరు సిలువ వేసిన యేసును దేవుడు లేపి తన కుడిపార్శ్వానికి హెచ్చించాడు, ఇప్పుడు మీరు చూస్తున్నదీ వింటున్నదీ ఆయన అక్కడినుంచి కుమ్మరించిందే.